ఇసుకలో నిలిచిన వాన

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న గర్రి ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి. పొడవు 120 కిలోమీటర్ల పైచిలుకు. మొన్నమొన్నటిదాకా ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు. స్థానిక బుచుల్లా ప్రజలు తరతరాలుగా పిలుచుకునే పేరు 2023లో మళ్లీ అధికారికమైంది. పొద్దున ఫెర్రీలో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే టూర్లున్నాయి. అలాంటి ఒక టూరులో, గైడ్ పని ఎంత గొప్పదో దగ్గర్నుంచి చూశాను.

అక్కడ సముద్రపుటొడ్డే రోడ్డు. గైడే డ్రైవరు. ఆటుపోట్ల వేళలు చూసుకుని బండి కదిలిస్తుంది. దారిలో ఒకచోట ఆపి, ఒడ్డున తేలిన ముదురు గోధుమరంగు గడ్డను పట్టుకు చూడమంది. బొటనవేలితో గట్టిగా నలిపితే పొడి రాలి, వేలికి కాఫీ రంగు అంటింది. ఏళ్ల తరబడి కుళ్లిన ఆకులూ అలములూ ఇసుక రేణువుల సందుల్లోకి దిగి, వాటిని అతికించి చేసిన పొర అది. ఇసుకలో నీళ్లు నిలవడమేమిటన్న నా ప్రశ్నకు జవాబు అదే. గాలి తొలిచిన పల్లంలో అలాంటి పొర ఏర్పడితే వాన నీరు కిందికి ఇంకదు, చెరువై నిలుస్తుంది.

బూరంగూరా అలాంటిదే. పాత పేరు లేక్ మెకెంజీ. ఏ వాగూ వచ్చి కలవదు, ఏ వాగూ బయటికి పోదు. మన ఒంటి మీది క్రీములు అందులో కలిస్తే కొట్టుకుపోయే దారి లేదు. నీళ్లలోకి దిగేముందే గైడ్ ఈ మాట చెప్పింది కనుక అందరం విన్నాం. ఏ మాట ఎక్కడ చెప్పాలో తెలియడమే ఆ పనిలోని నేర్పు.

లేక్ వాబీ దగ్గర దిబ్బే చెరువును మింగుతోంది, ఏడాదికి మీటరు చొప్పున. ఆ ఏటవాలు దిగుతూ పరుగెత్తి నీళ్లలోకి దూకి వెన్ను విరగ్గొట్టుకున్నవాళ్లున్నారు. కుర్రాళ్లు విసుక్కున్నా ఆమె దూకనివ్వలేదు. నాకు ఆ మొండితనం నచ్చింది.

1935 తుపానుకు ఒడ్డెక్కిన మహేనో ఓడ కూడా చూపిస్తారు. నన్నడిగితే దాన్ని వదిలేసి, ఆ గంట కూడా చెరువులకే ఇవ్వాలి.

బ్రిస్బేన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లి, గర్రి కూడా చూడబోయే మనవాళ్లకు ఒక మనవి. బూరంగూరాలో దిగే రోజు తలకు నూనె, ఒంటికి సన్‌స్క్రీన్ రాసుకోకండి. ఎండకు నిండుచేతుల చొక్కా వేసుకోండి.