కొబ్బరికాయ కుస్తీ

మా బిచ్కుందలో కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. ముందు బుడ్డ పిల్లలు పట్టుకుంటారు. గెలిచినోడి చేతిలో కొబ్బరికాయ పెడతారు. పొద్దు వాలేకొద్దీ పందెం పెరుగుతుంది, ఆఖరి కుస్తీకి వెండి కడియం. దెగ్లూరు వైపు నుంచి, బీదర్ వైపు నుంచి వచ్చిన పహిల్వాన్లు తొడలు చరుస్తుంటే మరాఠీ, కన్నడ, తెలుగు కేకలు ఒకటైపోతాయి.

ఈసారి కడియం కుస్తీ నేను సరిగ్గా చూడలేదు. గంటన్నర నేల మీద కూర్చున్నాక, అందరితోపాటు లేవబోతే కాళ్లు రాలేదు. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకోటి పక్కాయన భుజం మీద వేసి ఎలాగో లేచాను. నాకు అరవై మూడు. షుగర్ లేదు. రోజూ బాన్సువాడ రోడ్డు మీద గంట నడుస్తాను, ఆ నడక చూసుకునే మురిసిపోయేవాణ్ని.

పక్కాయన నాకంటే పదేళ్లు పెద్ద, ఒకప్పటి పహిల్వాన్. ఊరందరికీ కాక.

“నడిస్తే పానం హాయిగుంటది. తొడకేం తెలుస్తది? బస్కీలు తీస్తున్నవా?” అన్నాడు.

తాలీంలో, అంటే కుస్తీ నేర్చే వ్యాయామశాలలో, తీసే దండీలు, బస్కీలు కుర్రాళ్ల సంగతనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే కాకదే పైచెయ్యి. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆసుపత్రిలో తొంభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పదిమందితో డాక్టర్ మరియా ఫియాటరోన్ బృందం ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో!

నడకకు కండలోని నెమ్మది పోగులు చాలు. కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి కావాల్సినవి వేగం పోగులు. వయసుతో ఎక్కువగా సన్నబడేవి అవే, వాటిని కదిలించేది బరువు. ఎముకదీ ఆ తీరే. మోసే బరువును బట్టి అది తన కట్టడాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. బరువన్నదే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు నూటికి ఒక పాలైనా తరుగుతుంది.

ఇక్కడే ఒక ముచ్చట. పట్టు పట్టిన మొదటి కొన్ని సెకన్ల ఊపు ఎక్కువగా ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం నుంచి వస్తుంది. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి దాన్ని బయటపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పటం ఏ తాలీంలోనూ నేను చూడలేదు. అక్కడ హనుమంతుడొక్కడే.

మా కుస్తీ బరిలో ఆడవాళ్లు దిగరు. మా బాపమ్మకు ఇసుర్రాయే తాలీం. జొన్నలు విసిరేది, బాయి నుంచి బిందెలు మోసేది, రోజుకెన్నిసార్లు గొంతుక్కూర్చుని లేచేదో లెక్కలేదు. గిర్ని వచ్చింది, నల్లా వచ్చింది. మంచిదే, ఆ చాకిరీ మళ్లీ ఎవరికీ వద్దు. అయితే ఆ పని పోయిన చోట మనం ఏమీ పెట్టలేదు. నిరుడు మా ఇంటావిడ స్నానాలగదిలో జారింది. చిన్న జారుడే, మణికట్టు విరిగింది.

డాక్టర్ కాల్షియం గోళీలు రాశాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన ఆడవాళ్లకు 1200 కావాలి. మేం ప్రాణంగా చూసుకునే జొన్నల్లో వంద గ్రాములకు ముప్పై కూడా ఉండదు! రొట్టె మీద కోపం లేదు గానీ, పక్కన పెరుగు, నువ్వుల పొడి ఉండాల్సిందే. రాగుల్లో 350 దాటుతుంది, అవేమో మా వైపు వంటింట్లోకి ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పప్పు కూడా రొట్టె తడపడానికి కాకుండా, తినడానికి వేసుకోవాలి. కండకు మాంసకృత్తులు అక్కణ్నుంచీ రావాలి.

కాక మాకు చెప్పింది కుర్చీ బస్కీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేవడం, మెల్లగా కూర్చోవడం, వారానికి మూడు రోజులు. ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు ముందు డాక్టర్నడగాలి, కాక డాక్టర్ కాదు. మా ఆవిడ డాక్టర్నడిగే మొదలుపెట్టింది.

మొదటి వారం నాకు నాలుగు వచ్చాయి. ఆమెకు రెండు. ఇప్పుడు పెంక మీద రొట్టె ఒకవైపు కాలేలోపు ఆమె పది తీస్తోంది. నేను ఎనిమిది దగ్గర ఆగిపోతున్నాను. మొన్న కాక వచ్చి గుమ్మంలో నిలబడి ఇద్దరివీ లెక్కపెట్టాడు. తర్వాత సంచిలోంచి కొబ్బరికాయ తీసి ఆమె చేతిలో పెట్టాడు.