ఆజ్ఞను రాసినవాడి వాంగ్మూలం: అక్లీలు హబ్తె వోల్డ్ జైలు జ్ఞాపకాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ పాలనలో 1961 నుంచి 1974 వరకు అక్లీలు హబ్తె వోల్డ్ ప్రధానమంత్రిగా పనిచేశాడు. జీవితపు చివరి నెలల్లో జైలులో ఉండి ఆయన అమ్హారిక్ భాషలో రాసిన జ్ఞాపకాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ఈ రచన విచారణ సంఘాన్ని ఉద్దేశించి పుట్టింది. కనుక దీనిని కేవలం ఆత్మకథగా చదివితే దాని సందర్భం మరుగున పడుతుంది. కేవలం వాంగ్మూలంగా చదివితే దాని చారిత్రక విలువ తగ్గిపోతుంది. అధికారం రాజుది, బాధ్యత మంత్రిది అయిన వ్యవస్థలో 'నేను' అనే మాట ఏ సందర్భంలో ఎంత బరువు మోయగలదన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: ఇథియోపియా, హైలే సెలాసీ, అక్లీలు హబ్తె వోల్డ్, ఆత్మకథ, వాంగ్మూలం, జైలు సాహిత్యం, మంత్రి పదవి, బాధ్యత.

1. ఉపోద్ఘాతం

రాజు చరిత్రను రాయడానికి ఆస్థాన కవులు, శాసన రచయితలు ఎప్పుడూ ఉన్నారు. మంత్రి చరిత్రకు ఆ సౌకర్యం తక్కువ. తెలుగువారి స్మృతిలో తిమ్మరుసు కథ ఇందుకు తగిన ఉదాహరణ. కృష్ణదేవరాయలకు రాజ్యాన్ని నిలబెట్టి ఇచ్చిన అప్పాజీ, చివరికి ఆ రాజు అనుమానానికే గురై కళ్ళు పోగొట్టుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కథను విదేశీ యాత్రికులు చెప్పారు, చాటువులు చెప్పాయి, నాటకాలు చెప్పాయి. ఆ దండన గురించి తిమ్మరుసు స్వయంగా చెప్పిన మాట మాత్రం మనకు దక్కలేదు.

ఇరవయ్యో శతాబ్దపు ఆఫ్రికాలో ఇటువంటి పతనాన్నే చూసిన ఒక ప్రధానమంత్రి తన మాటను తానే రాసి వెళ్ళాడు. అక్లీలు హబ్తె వోల్డ్ జైలు జ్ఞాపకాలు ఆయన మరణించిన ఇరవై ఏళ్ళకు, 1994లో, ఆంగ్లానువాదంగా వెలువడ్డాయి. మంత్రి స్వయంగా మాట్లాడినంత మాత్రాన మంత్రి బాధ్యత స్పష్టమవుతుందా అన్న సందేహం నుంచే ఈ పరిశీలన మొదలవుతుంది.

2. పదవి పేరు, పదవి స్వభావం

అక్లీలు పేరుకు ముందు కనిపించే బిరుదు 'త్సెహాఫే తెజాజ్'. దీనికి 'ఆజ్ఞలు రాసేవాడు' అని అర్థం. దీని ఆధునిక రూపమే కలం మంత్రిత్వ శాఖ. చక్రవర్తి నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞకు లిఖిత రూపమిచ్చి, రాజముద్రతో లోకానికి ప్రకటించడం ఆ పదవి పని. ఆజ్ఞ ఒకరిది, అక్షరం మరొకరిది. అక్లీలు ప్రధాని అయిన తరువాత కూడా ఈ బిరుదు ఆయనతోనే ఉంది.

ఇథియోపియాలో ప్రధానమంత్రి పదవి 1943లో ఏర్పడింది. దానిని మొదట చేపట్టిన మకోన్నెన్ ఎండాల్కచెవ్ ఉన్నత వంశీయుడు, అమ్హారిక్ నవలా నాటక రచయిత కూడా. ఆయన తరువాత 1957లో వచ్చిన అబెబె అరెగాయ్ 1960 డిసెంబరులో జరిగిన తిరుగుబాటులో హతుడయ్యాడు. ఆ తిరుగుబాటు అణగిన కొద్ది నెలలకే ఈ పదవి అక్లీలుకు దక్కింది.

పదవి పేరు ప్రధానమంత్రి అయినా, పార్లమెంటరీ వ్యవస్థలో ఆ మాటకుండే అర్థం ఇక్కడ లేదు. 1955 నాటి సవరించిన రాజ్యాంగం మంత్రులను నియమించే, తొలగించే అధికారాన్ని, మంత్రిత్వ శాఖల స్వరూపాన్ని నిర్ణయించే అధికారాన్ని చక్రవర్తికే ఉంచింది. శాఖామంత్రులు ఎవరికి వారు నేరుగా రాజదర్శనం చేసుకొని విన్నవించుకొనే పద్ధతి కొనసాగింది. తన మంత్రివర్గ సభ్యులను ప్రతిపాదించే వెసులుబాటు ప్రధానికి 1966లో గాని రాలేదు. అప్పుడు కూడా తుది మాట చక్రవర్తిదే. నిజాం కొలువులో దివాను పదవి స్వభావం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ స్థితి అంత అపరిచితం కాదు. అయితే సాలార్‌జంగ్ వంటి దివాను కూడగట్టుకోగలిగిన స్వతంత్ర బలం అక్లీలుకు ఎన్నడూ సమకూరలేదు.

3. జీవన రేఖ

అక్లీలు 1912లో షోవా ప్రాంతంలో ఒక అర్చకుడి ఇంట పుట్టాడు. కులీన వంశం కాదు, భూస్వామ్య బలగం లేదు. చక్రవర్తి ఆదరణ పొందిన అన్న మకోన్నెన్ హబ్తె వోల్డ్ అండతో ఆ కుటుంబం పైకి వచ్చింది. పెద్ద వంశాల వారికి పోటీగా, తన దయ తప్ప మరో ఆధారం లేని విద్యావంతులను చేరదీయడం హైలే సెలాసీ రాజనీతి. అక్లీలు ఎదుగుదల ఆ నీతికి ఫలం.

అలెగ్జాండ్రియాలోని ఫ్రెంచి పాఠశాలలో చదువుకొని, ప్యారిస్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, అక్కడి ఇథియోపియా రాయబార కార్యాలయంలో చేరాడు. 1935లో ఇటలీ దండెత్తినప్పుడు నానాజాతి సమితిలో దేశం తరఫున పనిచేసిన బృందంలో ఆయన ఉన్నాడు. స్వదేశం పరాధీనమైన సంవత్సరాలను ఐరోపాలో గడిపి, విముక్తి తరువాత తిరిగివచ్చి విదేశాంగ శాఖలో కీలక బాధ్యతలు చేపట్టాడు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఐక్యరాజ్యసమితి స్థాపక సమావేశంలోనూ, 1946లో ప్యారిస్ శాంతి సమావేశంలోనూ ఇథియోపియా పక్షాన నిలిచాడు.

ఆయన దౌత్య జీవితానికి శిఖరం ఎరిత్రియా సమస్య. ఇటలీ వలసగా ఉండి, బ్రిటిష్ సైనిక పాలనలోకి వచ్చిన ఆ ప్రాంతాన్ని ఇథియోపియాతో సమాఖ్యగా కలపాలని 1950 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 1952లో సమాఖ్య ఏర్పడింది. సముద్రతీరం లేని దేశానికి మస్సావా, అస్సాబ్ రేవులు దక్కాయి. 1963 మే నెలలో అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఆవిర్భవించినప్పుడు ఆయన ప్రధాని.

పతనం అంతకంటే వేగంగా జరిగింది. 1974 ఆరంభంలో సైనికుల తిరుగుబాట్లు, ఇంధన ధరల పెంపుపై టాక్సీ డ్రైవర్ల సమ్మె, ఉపాధ్యాయుల, విద్యార్థుల ఆందోళనలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. ఫిబ్రవరి చివర అక్లీలు మంత్రివర్గం రాజీనామా చేసింది. తొలి ప్రధాని మకోన్నెన్ కుమారుడు ఎండాల్కచెవ్ ఆ స్థానంలోకి వచ్చాడు. కొద్ది వారాల్లోనే మాజీ మంత్రులు నిర్బంధంలోకి వెళ్ళారు. సెప్టెంబరు 12న చక్రవర్తిని గద్దె దించిన డెర్గ్ అనే సైనిక మండలి, నవంబరు 23న సుమారు అరవై మందిని కాల్చి చంపించింది. న్యాయస్థాన విచారణ జరగలేదు. హతుల్లో అక్లీలు ఉన్నాడు, ఆయన సోదరుడు అకలెవర్క్ ఉన్నాడు, ఆయన స్థానంలోకి వచ్చిన ఎండాల్కచెవ్ కూడా ఉన్నాడు.

4. రచనా రూపం: ఆత్మకథా, వాంగ్మూలమా?

ఇథియోపియాలో పాలకులు స్వీయచరిత్ర రాసుకోవడం కొత్త కాదు. ఇటలీ ఆక్రమణ కాలంలో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ప్రవాసంలో ఉండగా హైలే సెలాసీ తన ఆత్మకథకు పూనుకున్నాడు. 1931 రాజ్యాంగ ముసాయిదాను రూపొందించి, అమ్హారిక్‌లో తొలి నాటకం రాసిన తెక్లె హవారియాత్ కూడా ఆత్మకథ రాశాడు. ఆయన ప్యారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు అక్లీలు అదే కార్యాలయంలో పనిచేశాడు.

ఈ వరుసలో అక్లీలు రచనది భిన్నమైన స్థానం. ప్రవాసంలోని రాజు భవిష్యత్తులో తిరిగి పొందబోయే సింహాసనాన్ని దృష్టిలో పెట్టుకొని రాస్తాడు. జైలులోని మంత్రి ఎదుట ఉన్నది విచారణ సంఘం. పాత ప్రభుత్వంలోని అవినీతిని, పరిపాలనా లోపాలను, వోల్లో కరువులోని నిర్లక్ష్యాన్ని నిగ్గుతేల్చడానికి 1974లో ఆ సంఘం ఏర్పడింది. ఆత్మకథలో ప్రశ్నలను రచయిత ఎంచుకుంటాడు. వాంగ్మూలంలో ప్రశ్నలు అవతలి నుంచి వస్తాయి. అక్లీలు రచనలో ఈ రెండూ కలిసిపోయాయి: ప్రశ్న విచారణ సంఘానిది, సమాధానపు విస్తృతి రచయితది.

మరో వైరుధ్యం గమనార్హం. జీవితమంతా మరొకరి ఆజ్ఞను అక్షరబద్ధం చేసిన వ్యక్తి, చివరికి తన సొంత మాట రాసుకొనే అవకాశం పొందింది కూడా మరొక అధికారం అడిగినందువల్లే. అయినా ఈసారి చెప్పవలసిన మాట ఆయనది. తేడా అక్కడే ఉంది.

ఇదే కాలాన్ని చిత్రించిన పోలిష్ రచయిత కపుచిన్‌స్కీ 1978లో వెలువరించిన 'చక్రవర్తి' పుస్తకంతో పోల్చితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అందులో రాజభవన సేవకులు, అధికారులు పేర్లు లేకుండా పొడి అక్షరాల చాటున మాట్లాడతారు. ఆ గొంతుల ప్రామాణికతను అనేకులు ప్రశ్నించారు. సాహిత్య శిల్పంగా అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అక్లీలు రచనలో ఆ శిల్పం లేదు. ఉన్నది పేరు, తేదీ, సమావేశం, సంతకం. నిందను మోయడానికి సిద్ధపడిన ఒక పేరు వెనుక నిలిచి మాట్లాడడం దాని బలం.

5. 'నేను' బలంగా పలికే చోటు

ఈ జ్ఞాపకాలలో దౌత్య రంగానిదే ప్రధాన స్థానం. ఇటలీ దురాక్రమణ కాలపు పోరాటం, ఎరిత్రియా, ఒగాదేన్ విషయాల్లో పెద్ద దేశాలతో జరిగిన సంప్రదింపులు విస్తారంగా కనిపిస్తాయి. ఇది కేవలం రచయిత అభిరుచి కాదు. విదేశీ వేదికపై చక్రవర్తి పక్కన ఉండడు. వాదించేది, బేరమాడేది, నిర్ణయ క్షణంలో మాట తూచి చెప్పేది మంత్రే. అక్కడ 'నేను' అనడానికి ఆయనకు హక్కు ఉంది. స్వదేశ పరిపాలనలో అదే సర్వనామం బలహీనపడుతుంది. భూసంస్కరణ ముందుకు సాగకపోవడానికి, రాజ్యాంగ సంస్కరణ ఆలస్యం కావడానికి కర్త ఎవరన్న ప్రశ్నకు వ్యాకరణం సులభంగా జవాబివ్వదు. రాజు తలచాడు, మండలి చర్చించింది, శాఖ అమలు చేసింది, ప్రధాని ఎక్కడ?

అమ్హారిక్ కావ్య సంప్రదాయంలో 'మైనం–బంగారం' అనే ప్రక్రియ ఉంది. పైకి కనిపించే అర్థం మైనం. అది కరిగితే లోపల దొరికే అర్థం బంగారం. తెలుగు అలంకారశాస్త్రంలోని శ్లేషకు, ద్వ్యర్థికి ఇది దగ్గరి బంధువు. సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ లెవైన్ 1965లో ఈ పేరుతోనే పుస్తకం రాసి, ఇథియోపియా సమాజపు సంభాషణా రీతిని దీని ద్వారా వివరించాడు. ఈ కొలతతో చూస్తే అక్లీలు జ్ఞాపకాలను పైకి రాజభక్తి, లోపల ఫిర్యాదు అని చదవాలనిపిస్తుంది. ఆ పఠనాన్ని పరిమితంగా మాత్రమే అంగీకరించాలి. ద్వ్యర్థి కావ్యంలో రెండు అర్థాలూ కవి ఉద్దేశించినవే. ప్రాణభయంలో రాసిన రచనలోని మౌనాలన్నిటికీ ఉద్దేశాన్ని అంటగట్టడం విమర్శ పని కాదు.

6. బాధ్యత ప్రశ్న

అయితే రచయిత పరిస్థితిపై సానుభూతి, ఆయన కాలంపై తీర్పును ఆపివేయకూడదు. రెండు విషయాలు ఇక్కడ తప్పనిసరి.

మొదటిది ఎరిత్రియా. 1952లో ఆయన దౌత్యం సాధించిన సమాఖ్యను 1962 నవంబరు 14న రద్దు చేసి, ఆ ప్రాంతాన్ని సాధారణ రాష్ట్రంగా కలిపేసుకున్నప్పుడు ప్రధాని ఆయనే. అంతకుముందు ఏడాదే మొదలైన సాయుధ పోరాటం మూడు దశాబ్దాలు సాగి 1991లో ముగిసింది, 1993లో ఎరిత్రియా స్వతంత్రమైంది. జ్ఞాపకాలలో విజయగాథగా నిలిచిన భాగం, చరిత్రలో ఒక దీర్ఘ యుద్ధానికి పూర్వరంగంగా మారింది. రచయిత 1974లోనే మరణించాడు కనుక ముగింపు ఆయనకు తెలియదు. పాఠకుడికి తెలుసు. ఆ ఎరుక లేకుండా ఈ భాగాన్ని చదవడం సాధ్యం కాదు.

రెండవది వోల్లో కరువు. 1972–74 మధ్య ఉత్తర ప్రాంతాల్లో వేలాది మంది రైతులు ఆకలితో చనిపోతుంటే ప్రభుత్వం ఆ వార్తను కప్పిపుచ్చింది. 1973 అక్టోబరులో జొనాథన్ డింబుల్‌బీ తీసిన టెలివిజన్ చిత్రం దానిని బయటి లోకానికి చూపింది. చక్రవర్తిని దించడానికి ముందురోజు రాత్రి డెర్గ్ ఆ దృశ్యాలనే రాజభవన వైభవ దృశ్యాలతో కలిపి దేశ ప్రజలకు చూపించింది. ఈ కరువు విషయంలో 'నా చేతిలో అధికారం లేదు' అనే సమర్థన ఎంతవరకు నిలుస్తుంది? అధికారం లేని పదవిలో పదమూడేళ్ళు కొనసాగడం కూడా ఒక నిర్ణయమే. రాజు మాటకు చట్టబద్ధతను, అంతర్జాతీయ గౌరవాన్ని సమకూర్చింది ఆ పదవిలోని విద్యావంతుడే. కలం లేకపోతే ఆజ్ఞ రాజభవనం దాటేది కాదు.

అదే సమయంలో, విచారణ పూర్తికాకుండానే సాక్షిని చంపినవారు న్యాయం చేశామని చెప్పుకోలేరు. విచారణ సంఘానికి రాసిన సమాధానంపై ఎదురు ప్రశ్న వేసే అవకాశాన్ని తుపాకీ తీసివేసింది. దీనివల్ల నష్టపోయింది అక్లీలు ఒక్కడే కాదు. వోల్లోలో చనిపోయినవారి పక్షాన ప్రధానిని నిలదీసి, జవాబు రాబట్టి, నమోదు చేసే అవకాశం కూడా పోయింది.

7. ముగింపు

అక్లీలు హబ్తె వోల్డ్ జ్ఞాపకాలు మధ్యలో ఆగిన సంభాషణలో ఒక పక్షం మాత్రమే. వాటిని నిర్దోషిత్వ పత్రంగా స్వీకరించడం ఎంత తొందరపాటో, పాత కొలువు మనిషి ఆత్మసమర్థనగా కొట్టిపారేయడం అంతే తొందరపాటు. రచయిత కర్తగా ఉన్న ఘట్టాలకు ఇవి విలువైన సాక్ష్యం. ఆయన కేవలం కలంగా ఉన్న ఘట్టాలకు ఇతర ఆధారాలు వెతకవలసిందే.

పాలకుల, మంత్రుల, అధికారుల స్వీయచరిత్రలను పరిశోధించేవారికి ఈ రచన ఒక పద్ధతిని సూచిస్తుంది. సంఘటనల నిజానిజాలను సరిచూడడంతో పాటు, ప్రతి అధ్యాయంలోనూ వాక్యానికి కర్త ఎవరో గుర్తించడం అవసరం. 'నేను చేశాను', 'ప్రభుత్వం నిర్ణయించింది', 'జరిగిపోయింది' అనే మూడు వాక్యాల మధ్య దూరమే మంత్రి బాధ్యతకు కొలమానం.