ఊళ్లో లేని మనిషి దిగులు ఏ లెక్కలో?

సూరత్ నగరంలోని వరాఛా ప్రాంతం వజ్రాల సానకు పేరు పొందింది. అక్కడి కార్ఖానాల్లో సానచక్రం అమర్చిన బల్లను ‘ఘంటి’ అంటారు. ఒక్కో ఘంటి చుట్టూ సాధారణంగా నలుగురు కూర్చుని పనిచేస్తారు. వీరిలో ఎక్కువమంది అమ్రేలీ, భావనగర్ వంటి సౌరాష్ట్ర జిల్లాల పల్లెల నుంచి వచ్చినవారు. దీపావళికి కార్ఖానాలు మూస్తే ఊళ్లకు వెళతారు. 2008 ఆర్థిక మాంద్యంలో పని పోయి వేలమంది తిరిగి పల్లెలు చేరారు. 2024లో వజ్రాలకు గిరాకీ మళ్లీ పడిపోయినప్పుడు ఆత్మహత్యల నివారణకు కార్మిక సంఘమే ఒక ఫోన్ సహాయ కేంద్రాన్ని తెరవవలసి వచ్చింది. ఇదే నగరంలో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి.

వీరి దిగులు పల్లెదా, పట్నానిదా? గ్రామీణ మానసిక ఆరోగ్యంపై వెలువడుతున్న పరిశోధనలను చదివేటప్పుడు ఈ ప్రశ్నను పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఈ రంగంలో మన దేశంలో జరిగిన మంచి ప్రయత్నాల్లో ఒకటి పశ్చిమ గోదావరి జిల్లాలో మొదలైంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్‌కు చెందిన పల్లబ్ మౌలిక్, ఆయన సహచరులు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో 30 గిరిజన గ్రామాల్లో దీన్ని చేపట్టారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ సాయంతో 5,007 మందిని పరీక్షించగా 238 మందిలో కుంగుబాటు, ఆందోళన వంటి లక్షణాలు కనిపించాయి. అంతకుముందు వీరిలో వైద్య సహాయం పొందినవారు ఇద్దరే. ఈ పథకం నడిచిన కాలంలో 30 మంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దగ్గరకు వెళ్లారు. చివరికి లక్షణాల తీవ్రత కూడా తగ్గింది. ఈ ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి.

అయితే పోల్చి చూడటానికి వేరే బృందం లేనప్పుడు ఆ తగ్గుదల పథకం వల్లనే వచ్చిందని ఎలా చెప్పగలం? పరిశోధకులు ఈ లోపాన్ని సరిదిద్దారు. ఆంధ్రప్రదేశ్, హర్యానాలలో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను రెండు బృందాలుగా విభజించి పెద్ద ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2024లో వెలువడ్డాయి. సమస్య ఎక్కువగా ఉన్నవారిలో ఏడాది తర్వాత కోలుకున్నవారు పథకం అమలైన చోట 74.7 శాతం, అమలు కానిచోట 50.6 శాతం. తేడా పెద్దదే. కానీ పథకం లేని ఊళ్లలోనూ సగం మంది కోలుకున్నారన్నది గమనించదగ్గ విషయం. తులనాత్మక బృందం లేకపోతే ఈ సగాన్ని కూడా పథకం ఖాతాలోనే వేసుకునేవాళ్లం. స్వచ్ఛంద సంస్థలు ప్రకటించే అనేక ‘విజయాలను’ ఈ దృష్టితో మళ్లీ పరిశీలించాలి.

ఇదే ప్రయోగంలో మరో ఫలితం కూడా ఉంది. మానసిక సమస్యలున్న వారి పట్ల ఊరివారి ప్రవర్తనను కొలిచినప్పుడు రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోగి కోలుకున్నా, చుట్టూ ఉన్న ఊరు ఏడాదిలో మారలేదన్నమాట. ఈ సంగతి దాచకుండా ప్రకటించడం పరిశోధకుల నిజాయితీకి నిదర్శనం.

కొలబద్ద చాలదు

ఇక లోపాల సంగతి. ఇటువంటి అధ్యయనాల్లో కుంగుబాటును కొలవడానికి పి.హెచ్.క్యు.-9 అనే ప్రశ్నావళి వాడతారు. ఇందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గడచిన రెండు వారాల అనుభవాన్ని బట్టి 0 నుంచి 27 వరకు మార్కులు వేస్తారు. దీన్ని వరాఛా కార్మికుడికి అన్వయించి చూడండి. దీపావళికి ఊరు వెళ్లి పిల్లల మధ్య ఉన్నప్పుడు అడిగితే ఒక జవాబు వస్తుంది. రత్నాలు రాక ఘంటి ఖాళీగా ఉన్న నెలలో అడిగితే ఇంకొకటి వస్తుంది. రెండూ నిజమే. ఏ రెండు వారాలను కొలిచామన్నదాన్ని బట్టి ఆ మనిషి రోగి అవుతాడు, లేదా ఆరోగ్యవంతుడవుతాడు.

భాష మరో చిక్కు. అనువాదకులకు ఇది బాగా తెలుసు. దిగులు, బెంగ, గాబరా ఒకటి కాదు. ‘బెంగ పెట్టుకున్నాడు’ అంటే దూరంగా ఉన్న మనిషినో, ఊరినో తలచుకుని కుమిలిపోతున్నాడని. వలస కుటుంబానికి ఇది నిత్యానుభవం. దాన్ని ‘విచారం’ అనే ఒక్క మాటతో అడిగితే సగం జారిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం లెక్కింపులో ఉంది. ఇంటింటికీ వెళ్లి అడిగితే ఇంట్లో ఉన్నవారే లెక్కకు వస్తారు. నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మానసిక రుగ్మతలు గ్రామాల్లో 6.9 శాతం, మహానగరాల్లో 13.5 శాతం అని తేలింది. అంతమాత్రాన పల్లె మనసు పదిలంగా ఉందని తేల్చేయగలమా? పల్లె తన కష్టంలో కొంత భాగాన్ని నగరానికి పంపించి ఉండవచ్చు కదా! పైగా ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో గుజరాత్ ఉంది కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. సూరత్‌లోని తెలుగు నేతపనివాడి సొంత జిల్లా ఆ లెక్కలోకి రానేలేదు.

చేయదగినవి

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఇంట్లో లేనివారి పేరు కొట్టేయకుండా, ఎక్కడికి వెళ్లారో, ఎప్పుడు వస్తారో రాసుకోవాలి. ఏడాదిలో కనీసం రెండుసార్లు, పని ఉన్న కాలంలోనూ లేని కాలంలోనూ ప్రశ్నించాలి. సొంత ఊరినీ, వలస వెళ్లిన పేటనూ కలిపి ఒకే అధ్యయన క్షేత్రంగా తీసుకోవాలి. అమ్రేలీతో వరాఛాను, సిరిసిల్లతో సూరత్‌ను జతచేయాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవ 14416 నంబరుపై అనేక భారతీయ భాషల్లో అందుతోంది. సలహా ఫోన్‌లో ఇవ్వగలిగినప్పుడు, పరిశోధకుడు కూడా వలస వెళ్లిన మనిషిని ఫోన్‌లో పలకరించవచ్చు.

పశ్చిమ గోదావరి ప్రయోగం ఆశా కార్యకర్త చేతిలో మంచి సాధనాన్ని పెట్టింది. ఆమె తలుపు తట్టినప్పుడు ఇంట్లో లేని మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవడం తరువాతి పరిశోధకుల బాధ్యత.