ఆకుపచ్చ సంతకం

తనిఖీకి వచ్చిన అధికారి బడిలో మొదట అడిగేది పాఠ్య ప్రణాళికల పుస్తకం. యూనిట్, పీరియడ్లు, సామర్థ్యాలు, బోధనోపకరణాలు అన్న గళ్లన్నీ నిండాయో లేదో చూసి, చివర ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతారు. టైముంటే తరగతిలోకొస్తారు. బీపీ మాత్ర వేసుకుని రాత్రికి రాత్రి ఆ గళ్లు నింపిన మాస్టార్లు నాకు తెలుసు. పాఠం బాగా చెప్పేవాళ్లకే కంగారెక్కువ. చెప్పనివాళ్లకు ఆ బెంగ ఉండదు, ఎందుకో మరి!

పదో తరగతి ఫలితాలప్పుడు ఇంకో పరీక్ష. సబ్జెక్టువారీగా శాతాలు తీసి, తక్కువొచ్చినవాళ్లను సమావేశంలో పేరు పిలిచి నిలబెడతారు. ఆనక మెమో. నాది లెక్కలు. పదికొచ్చినా భాగహారం రాని పిల్లాడు ప్రతి సెక్షన్లో ఒకడుంటాడు. సాయంత్రాలు ఆపి చెబితే మార్చి నాటికి సొంతంగా చేస్తాడు. శేషం సున్నా వచ్చిందని నోటుపుస్తకం పట్టుకుని స్టాఫ్ రూం దాకా పరిగెత్తుకొస్తాడు. అయినా పాసుకి కావాల్సిన 35 మార్కులు రావు. వాడు ఫెయిల్, వాడితోపాటు నేనూ.

శాతం పెంచుకోడానికి దగ్గరి దారి లేకపోలేదు. వాడు బడి మానేసినప్పుడు ఇంటికెళ్లి పిలవకపోతే చాలు. మెమో కన్నా, ఇలాంటి లెక్క మన బుర్రలోకి రావడమే మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. పిల్లాణ్ణి చూస్తే శాతం గుర్తొస్తోందంటే ఇక నిద్రెక్కడ పడుతుంది?

ఈ అంకెల జబ్బు పాతదే. 1862లో ఇంగ్లండులో ఇన్‌స్పెక్టరు పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి చదువు, రాత, లెక్కలు పరీక్షించేవాడు. పాసైన తలల్ని బట్టి బడికి గ్రాంటు. మద్రాసు ప్రెసిడెన్సీకీ ఆ పద్ధతి దిగింది. కవి మాథ్యూ ఆర్నాల్డ్ తనే బడుల ఇన్‌స్పెక్టరై ఉండి దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు.

అదే ఇంగ్లండులో 2022 నవంబరులో, రీడింగ్ పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాలను అక్కడి బడుల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ తనిఖీ చేసింది. అంతకుముందు 'అత్యుత్తమం' అనిపించుకున్న బడిని ఒక్కసారిగా అట్టడుగు గ్రేడుకి దించింది. రిపోర్టు బయటికొచ్చేదాకా ఫలితం గోప్యం. ప్రధానోపాధ్యాయురాలు రూత్ పెర్రీ 2023 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నారు. ఆమె మరణానికి ఆ తనిఖీ కూడా ఒక కారణమని డిసెంబరులో కరోనర్ తేల్చారు. బడి మొత్తాన్ని ఒక్క మాటతో తేల్చే తీర్పును 2024 సెప్టెంబరులో ఎత్తేశారు.

అలాగని మమ్మల్నెవరూ చూడొద్దనను. మా సైన్స్ మేడమ్ అడిగి మరీ నన్ను తన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. ప్రశ్న ఎవరికి వెళ్తే వాళ్ల చోట గీత పెడుతూ పోయాను. కిటికీ వరసకి ఒక్క గీతా పడలేదు. కాగితం చూసి, "అటు ఎండ సార్, అందుకే ఇటే నిలబడిపోతున్నాను" అన్నారు. మర్నాడు తన బల్ల జరిపించుకున్నారు. ఆ కాగితం పైకి పోదు కాబట్టి అందులో ఆవిడకి భయం లేదు. శుక్రవారం నా పీరియడ్‌కి తను వస్తానన్నారు.