సొరంగంలో ఆగిన రైలు

రైలు పరుగెత్తితేనే ఉత్కంఠ పుడుతుందని చాలామంది దర్శకుల నమ్మకం. 1974లో జోసెఫ్ సార్జెంట్ తీసిన ‘ద టేకింగ్ ఆఫ్ పెల్హామ్ వన్ టూ త్రీ’ ముందు ఆ నమ్మకం నిలవదు. అందులో రైలు సింహభాగం కదలదు. న్యూయార్క్ నేల కింద, రెండు స్టేషన్ల నడుమ, దీపాలు వెలుగుతున్న ఒకే ఒక్క పెట్టె పట్టాల మీద ఆగి ఉంటుంది. దాని చుట్టూ నగరమంతా పరుగులు పెడుతుంది.

కథ చిన్నదే. మధ్యాహ్నం 1.23కి పెల్హామ్ బే పార్క్ నుంచి బయల్దేరిన సబ్‌వే రైలులోకి నలుగురు మనుషులు వేర్వేరుగా ఎక్కుతారు. అందరికీ ఒకటే వేషం: టోపీ, కళ్లజోడు, మీసం, పొడుగు కోటు. పేర్లు లేవు, రంగులే: బ్లూ, గ్రీన్, గ్రే, బ్రౌన్. ముందు పెట్టెను విడదీసి, అందులోని 18 మందిని బందీలు చేసి, గంటలో పది లక్షల డాలర్లు తెమ్మంటారు. గడువు దాటితే నిమిషానికొకరి ప్రాణం.

నాట్యశాస్త్రంలో భరతుడు భయానక రసానికి విభావాలు, అంటే కారణాలు, చెబుతూ పాడుపడ్డ ఇంటినీ అడవినీ లెక్కవేశాడు. రెండూ మనుషులు మసలని చోట్లు. సబ్‌వే సినిమా ఆ లెక్కను తిరగేసింది. ఇక్కడ భయం పుట్టేది రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో, పక్కవాడి మోచేయి తగిలే సీటులో. పైగా ఇది తప్పుకోలేని దారి. కారైతే పక్క సందులోకి తిప్పొచ్చు. పట్టాలెక్కినవాడికి ముందూ వెనకా తప్ప వేరే దిక్కు లేదు. దొంగలకూ అంతే. సొరంగంలోంచి వీళ్లెలా బయటపడతారన్న ప్రశ్న పోలీసుల్ని పీడించినంతగా మననీ పీడిస్తుంది. ఎప్పుడో తెలియకుండానే మనం దొంగల తరఫున దారులు వెతకడం మొదలుపెడతాం.

ఇంత బిగువు మధ్య ఈ సినిమా నవ్విస్తుంది. నన్ను కట్టిపడేసిందీ ఆ నవ్వే. ట్రాన్సిట్ పోలీసు లెఫ్టినెంట్ గార్బర్‌గా వాల్టర్ మథౌది వేలాడే ముఖం, నిద్ర చాలని కళ్లు, వంకర మాటలు. కంట్రోల్ రూములో ఉద్యోగులకు బందీల ప్రాణాల కంటే తమ రైళ్లు ఆగిపోయాయన్న కోపమే ఎక్కువ. మేయరు ఫ్లూతో మంచం పట్టి, డబ్బివ్వాలా వద్దా అని మూలుగుతుంటే, ఇస్తే 18 ఓట్లు ఖాయం కదా అంటుంది భార్య. ఈ హాస్యం భయాన్ని పలచన చెయ్యదు. ఇలాంటి విసుగు మనుషుల చేతుల్లో ఆ 18 మంది బతుకులున్నాయన్న ఎరుక దాన్ని ఇంకా చిక్కబరుస్తుంది.

గార్బర్‌కు ఎదుట నిలిచేది బ్లూగా నటించిన రాబర్ట్ షా గొంతు. బ్లూ అరవడు, గడియారం చూసి మాట్లాడతాడు. ఇద్దరి మధ్యా చాలాసేపు మైకు ఒక్కటే వంతెన. గడువు ముగియవస్తుంది. డబ్బు తెస్తున్న పోలీసు కారు దారిలో బోల్తాపడుతుంది. అప్పుడు గార్బర్, డబ్బు స్టేషన్‌కు చేరిపోయింది, నడిచి తేవడమే తరువాయి అని తొణక్కుండా అబద్ధమాడతాడు. మథౌ ముఖంలో ఒక్క కండరం కదలదు. సినిమా మొత్తంలో నేను ఊపిరి బిగబట్టిన ఘట్టం అదే. అందులో తుపాకీ పేలదు, రైలు కదలదు.

డేవిడ్ షైర్ సంగీతం గురించి వేరే చెప్పాలి. పన్నెండు స్వరస్థానాలనూ ఒక వరుసలో పేర్చి, దేనికీ పెద్దరికం ఇవ్వకుండా కట్టిన బాణీ అది. మన చెవి అలవాటుగా ఆధార షడ్జం కోసం వెతుకుతుంది, దొరకదు. కిందనేమో బేస్ గిటారు, డ్రమ్ములు వదలని లయలో నడుస్తుంటాయి. తాళం మన చేయి పట్టుకుని నడిపిస్తుంది, రాగం కాలు నిలవనివ్వదు. నగరం స్వభావాన్ని ఇంత సూటిగా పట్టుకున్న టైటిల్ సంగీతం అరుదు.

ఛాయాగ్రాహకుడు ఓవెన్ రోయిజ్‌మన్‌కు ఈ చీకటి కొత్త కాదు. 1971లో ‘ద ఫ్రెంచ్ కనెక్షన్’లో గ్రాండ్ సెంట్రల్ ప్లాట్‌ఫాం మీద జీన్ హ్యాక్‌మన్‌ను రైలు ఎక్కించి దించి ఆడించిన ఫెర్నాండో రే, చివరికి గొడుగుతో తలుపు ఆపి లోపలికెక్కి, చెయ్యూపుతూ వెళ్లిపోయే దృశ్యం కూడా ఆయన కెమెరాదే. ‘పెల్హామ్’లో ఆయన వాడిన వెడల్పాటి తెర రైలు పెట్టె ఆకారానికి అచ్చంగా సరిపోయింది. ఈ కొసకు తుపాకీ, ఆ కొసకు తల్లీ పిల్లలు, మధ్యలో ఇనుప స్తంభాలు, అన్నీ ఒకే చూపులో. బ్రూక్లిన్‌లో మూతబడ్డ కోర్ట్ స్ట్రీట్ స్టేషన్‌లో చాలా భాగం తీశారు. ఆ రోజుల్లో న్యూయార్క్ రైళ్ల నిండా రంగు రాతలుండేవి. రైళ్ల సంస్థ ఒప్పుకోనందువల్ల తెర మీద ఒక్కటీ కనిపించదు. ఆ ఒక్క అబద్ధాన్ని క్షమించవచ్చు.

లోపాలు లేవా? ప్రయాణికులు మనుషులుగా ఎదగరు, ఒక్కొక్కరూ ఒక్కో మూస. కథలో కనిపించే జపాన్ అతిథుల మీద, ఆడ ఉద్యోగుల మీద విసిరిన జోకులు కొన్ని ఇప్పుడు పాచిపోయాయి. అయినా 2009లో టోనీ స్కాట్ తీసిన కొత్త రూపంతో పోలిస్తే అసలుదాని ఔచిత్యం తేటపడుతుంది. డెంజెల్ వాషింగ్టన్, ట్రవోల్టా ఇద్దరూ గట్టి నటులే. కానీ గిరగిర తిరిగే కెమెరా ఆగిన రైలును ఆగనివ్వదు. ఆగడమే ఈ కథకు ప్రాణమని ఆ చిత్రం గుర్తించలేదు.

ఇక మార్టిన్ బాల్సమ్ వేసిన గ్రీన్ పాత్రకు జలుబు. సొరంగంలో ఆయన తుమ్ముతుంటాడు, ఆ తుమ్ము మైకులో గార్బర్ చెవిన పడుతుంది. తుమ్మితే కాసేపు ఆగి బయల్దేరే ఇళ్లలో పెరిగిన మనకు ఇది మరీ రుచిస్తుంది. ఆ తుమ్ము ఎక్కడ తేలుతుందో చెబితే మీ ఆనందం దోచుకున్నట్టే. కనుక 2009 దాన్ని పక్కన పెట్టి 1974 చిత్రమే చూడండి, టైటిళ్ల దగ్గరి సంగీతాన్ని దాటవేయకండి, చివరి క్షణం దాకా లేవకండి.