‘మేము’ నుంచి ‘మనము’ వరకు: డాన్ బ్రీన్ స్వీయచరిత్రలో యోధుడు, శాసనకర్త

ప్రస్తావన

విప్లవకారుల స్వీయచరిత్రలు సాధారణంగా పోరాటం ముగిసిన చోటనే ముగుస్తాయి. రచయిత జీవితం మాత్రం అక్కడ ముగియదు. ఆయుధం దించిన వ్యక్తి ఓటు అడిగినప్పుడు, చట్టసభలో కూర్చున్నప్పుడు వెనుకటి కథనానికి కొత్త అర్థాలు ఏర్పడతాయి. ఐరిష్ విప్లవకారుడు డాన్ బ్రీన్ (1894–1969) రచించిన ‘మై ఫైట్ ఫర్ ఐరిష్ ఫ్రీడమ్’ (1924) ఈ దృష్టితో పరిశీలించదగిన గ్రంథం. వీరగాథగా దీనికి లభించిన ఖ్యాతి ఇందులోని ఒక మౌలిక సమస్యను మరుగుపరచింది. ఎవరి పేరున ఈ పోరాటం సాగింది అన్నదే ఆ సమస్య. గ్రంథంలోని ఉత్తమ పురుష కథనాన్ని బ్రీన్ తదనంతర రాజకీయ జీవితంతో కలిపి చదివినప్పుడే అది స్పష్టమవుతుంది.

సోలోహెడ్‌బెగ్: కథనంలోని ‘మేము’

టిప్పరరీ కౌంటీలోని పేద రైతు కుటుంబంలో పుట్టిన బ్రీన్ చిన్ననాటనే తండ్రిని కోల్పోయాడు. రైల్వేలో లైన్‌మన్‌గా పనిచేశాడు. 1914లో ఐరిష్ వాలంటీర్ల దళంలో చేరాడు. 1919 జనవరి 21న సోలోహెడ్‌బెగ్ రాతి క్వారీకి జెలిగ్నైట్ పేలుడు పదార్థం తీసుకువెళుతున్న బండిపై అతడు, షాన్ ట్రేసీ, షేమస్ రాబిన్సన్, మరికొందరు దాడి చేశారు. కాపలాగా వచ్చిన జేమ్స్ మెక్‌డానెల్, పాట్రిక్ ఓకానెల్ అనే ఇద్దరు పోలీసులు మరణించారు. ఇద్దరూ ఐరిష్ వారే. అదే రోజు డబ్లిన్‌లో స్వతంత్ర ఐర్లండ్ తొలి చట్టసభ ‘డాయిల్’ సమావేశమైంది. దాడికి ఆ సభ అనుమతి లేదు. రెండు ఘటనలూ ఒకే రోజున జరగడం యాదృచ్ఛికం. అయినా యోధుడికీ శాసనసభకూ నడుమ గల దూరాన్ని ఆ తేదీ తనలో ఇముడ్చుకుంది.

ఈ ఘట్టాన్ని వర్ణించేటప్పుడు గ్రంథం రెండు స్వరాల్లో మాట్లాడుతుంది. చేతులెత్తమని హెచ్చరించినా పోలీసులు తుపాకులు ఎత్తినందువల్లనే కాల్చవలసి వచ్చిందని ఒక స్వరం చెబుతుంది. ఇద్దరే వచ్చారు, ఆరుగురు వచ్చి ఉంటే ప్రభావం ఇంకా బలంగా ఉండేదన్న విచారం మరొక స్వరంలో వినిపిస్తుంది. మొదటిది అనివార్యతను ఆశ్రయిస్తుంది, రెండవది సంకల్పాన్ని అంగీకరిస్తుంది. ఈ వైరుధ్యాన్ని రచయిత పరిష్కరించలేదు. మరణించిన ఇద్దరూ కథనంలో సామ్రాజ్యపు చేతులుగానే మిగిలిపోయారు. వారికి ఇల్లు, బంధువులు, ఊరు ఉన్నాయన్న స్పృహకు ఇక్కడ చోటు దొరకలేదు.

దాడికి ప్రేరణగా బ్రీన్ చెప్పిన కారణం గమనార్హం. 1918 ఎన్నికల్లో షిన్ ఫేన్ పార్టీ ఘనవిజయం సాధించాక వాలంటీర్లు కేవలం ఆ పార్టీకి అనుబంధంగా మారిపోతారన్న భయం అతడిది. అంటే రాజకీయం పోరాటాన్ని మింగివేస్తుందన్న ఆందోళనతోనే ఈ యుద్ధం మొదలైంది. దాడి తరువాత మతగురువులు ఖండించారు, తెలిసిన ఇళ్ల తలుపులు సైతం మూసుకున్నాయి. ఈ నిరాదరణను బ్రీన్ దాచలేదు. గ్రంథంలో అత్యంత నిజాయతీ గల పుటలు ఇవే.

ఆంగ్లంలోని ఉత్తమ పురుష బహువచనానికి ఒకే రూపం ఉంది. తెలుగులో దాన్ని చెప్పాలంటే ‘మేము’, ‘మనము’ అన్న రెంటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. సోలోహెడ్‌బెగ్ పుటల్లో వినిపించేది నిస్సందేహంగా ‘మేము’. వినేవారిని కలుపుకోని, కొద్దిమంది సహచరులకే పరిమితమైన బహువచనం అది. గ్రంథ శీర్షిక మాత్రం ‘నా పోరాటా’న్ని ‘ఐరిష్ స్వాతంత్ర్యం’తో ముడివేస్తుంది. ‘నేను’ నుంచి ‘మనము’ దాకా ఒక్క అంగలో దాటిన శీర్షిక ఇది. ప్రజల సమ్మతి అనే మధ్య మెట్టు అందులో లేదు.

1927: ప్రమాణం

గ్రంథంలోని ప్రధాన కథనం 1921 యుద్ధవిరామం వరకే విస్తరించింది. నాక్‌లాంగ్ రైల్వే స్టేషన్‌లో షాన్ హోగన్‌ను విడిపించడం, తూటా దెబ్బలు, 1920 అక్టోబరులో ట్రేసీ మరణం విపులంగా కనిపిస్తాయి. సహచరులే ఒకరిపై ఒకరు తుపాకులెత్తిన అంతర్యుద్ధానికి దక్కిన స్థలం స్వల్పం. ఆ యుద్ధంలో బ్రీన్ ఒప్పందాన్ని వ్యతిరేకించి పట్టుబడ్డాడు. 1923 ఆగస్టులో డాయిల్‌కు ఎన్నికైనా, బ్రిటిష్ రాజుకు విధేయత ప్రకటించే ప్రమాణం కారణంగా తన పక్షం వారందరి వలెనే సభను బహిష్కరించాడు. కనుక 1924లో పుస్తకం వెలువడేనాటికే రచయిత ప్రజాప్రతినిధి. అది గతాన్ని స్మరించిన రచన మాత్రమే కాదు, ఓటర్ల ముందు ఉంచిన అర్హతాపత్రం కూడా.

1927 జనవరిలో బ్రీన్ ఆ ప్రమాణం చేసి సభలో ప్రవేశించాడు. ఒప్పంద వ్యతిరేకుల్లో ఆ పని చేసిన మొదటి సభ్యుడు అతడే. ప్రమాణాన్ని రద్దుచేసే బిల్లును ప్రవేశపెట్టబోయి విఫలుడయ్యాడు. జూన్ ఎన్నికల్లో స్వతంత్ర రిపబ్లికన్‌గా నిలిచి ఓడిపోయాడు. రెండు నెలలకే డి వలేరా నాయకత్వంలోని ఫియన్నా ఫాయిల్ సభ్యులు అదే దారిన సభలో అడుగుపెట్టారు. 1933లో డి వలేరా ప్రభుత్వం ప్రమాణాన్ని రద్దుచేసింది. 1919లో ఎవరినీ అడగకుండా ముందు నడిచినవాడు వీరుడయ్యాడు. 1927లో అలాగే ముందు నడిచినవాడు ఒంటరి అయ్యాడు. బ్రీన్ స్వభావం మారలేదు, దాన్ని తూచే త్రాసు మారింది. అడవిదారిలో చెల్లిన ‘మేము’ ఓటుపెట్టె దగ్గర చెల్లలేదు.

ఇదే కాలంలో గ్రంథం మరొక చోట మరొక జీవితం గడుపుతూ వచ్చింది. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి చేసిన సూర్యసేన్ బృందం చదివిన ఐరిష్ రచనల్లో ఇది ముఖ్యమైనది. ఐరిష్ సైన్యం పేరును తలపించే పేరునే ఆ బృందం తనకు పెట్టుకుంది. వారిని ఉత్తేజపరచింది 1919 నాటి బ్రీన్. ప్రమాణం చేసి, ఓడి, అమెరికాకు వలసపోయిన బ్రీన్ ఆ పుటల్లో లేడు. రచన తన నాయకుణ్ణి ఒక వయసులోనే నిలిపివేసింది.

రెండవ సాక్ష్యం

1932లో ఫియన్నా ఫాయిల్ పక్షాన తిరిగి ఎన్నికైన బ్రీన్ 1965 వరకు టిప్పరరీ ప్రతినిధిగా కొనసాగాడు. ఈ 33 ఏళ్లపై అతడు మరొక స్వీయచరిత్ర రాయలేదు. అయితే 1947లో ప్రభుత్వం నెలకొల్పిన సైనిక చరిత్ర సేకరణ సంస్థకు వాంగ్మూలం ఇచ్చాడు. సోలోహెడ్‌బెగ్‌లో చంపాలన్న ఉద్దేశంతోనే తానూ ట్రేసీ వెళ్లామన్నది అందులోని సారాంశం. అదే సంస్థకు రాబిన్సన్ ఇచ్చిన వాంగ్మూలం బ్రీన్ గ్రంథాన్ని తీవ్రంగా ఖండించింది. బ్రిగేడ్ కమాండెంట్ తానైనప్పటికీ ఖ్యాతి మరొకరికి దక్కిందన్న ఆవేదన అందులో ఉంది. ఈ వాంగ్మూలాలు 2003లో గాని పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు. గ్రంథంలోని మొదటి స్వరాన్ని బ్రీన్ స్వయంగా తోసిపుచ్చాడు. అతని ‘మేము’లోకి తనను చేర్చిన తీరును రాబిన్సన్ ప్రశ్నించాడు.

ఉపసంహారం

ఈ వైరుధ్యాల వల్ల గ్రంథం విలువ తగ్గదు. దాన్ని చరిత్రకు ఏకైక సాక్ష్యంగా గాక, ఒక అధికార ప్రకటనగా చదవాలని అవి సూచిస్తాయి. మూసుకున్న తలుపులను దాచకుండా రాసిన రచయితకు ప్రజల సమ్మతి అనే ప్రశ్న తెలుసు. దానికి సమాధానం మాత్రం గ్రంథంలో లేదు. 1927లోని ఓటమిలో, ఆ తరువాతి 33 ఏళ్ల సభ్యత్వంలో దాన్ని వెదకాలి. విప్లవకారుడి స్వీయచరిత్ర ఆగిన చోటును విమర్శకుడు ముగింపుగా స్వీకరించరాదు. ‘మేము’ అన్నవాడు ‘మనము’ అనడానికి ఎంత మూల్యం చెల్లించాడో ఆ చోటు దాటితేనే తెలుస్తుంది.