కేతన పంక్తిలో యుగంధర్

తెలుగు భాషకు తెలుగులోనే తొలి వ్యాకరణం సంతరించిన లాక్షణికుడు, యాజ్ఞవల్క్యస్మృతికి వెలసిన మితాక్షరావ్యాఖ్యను తెనిగించి మన వాఙ్మయంలో ధర్మశాస్త్రానికి పీటవేసిన పండితుడు, కన్నం వేసేవారి, జూదమాడేవారి, మారువేషాలతో అంతఃపురాలు చొచ్చేవారి కథలను రసవంతమైన పద్యాలలో చెప్పి ఆ కావ్యాన్ని తిక్కన సోమయాజికి అంకితమిచ్చిన కవి, ఈ ముగ్గురూ ఒక్కరే. 13వ శతాబ్దికి చెందిన మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణాన్ని, విజ్ఞానేశ్వరాన్ని, దశకుమారచరిత్రాన్ని ఒక్క చేతితోనే రచించాడు. చోరుని సాహసాన్ని చెప్పి మెప్పించినవాడే చోరునికి విధించవలసిన దండనను కూడ చెప్పాడు. ఆ రెంటికీ నడుమ ఆయనకు వైరుధ్యమేదీ కనిపించలేదు, ఆయన కావ్యాన్ని స్వీకరించి అభినవదండి అని సంభావించిన తిక్కనకూ కనిపించలేదు. ఇంత ఉదారమైన పుట్టుక గలిగిన సాహిత్యంలో, ఏడు శతాబ్దాల తరువాత, అపరాధపరిశోధన నవల చదివేవాడు దానిని దిండు కింద దాచుకోవలసిన దుఃస్థితి ఎట్లా దాపురించిందన్న ప్రశ్నతో ఈ గ్రంథం ఆరంభమవుతున్నది. ఈ ప్రశ్నను ఇంత నిష్ఠతో, ఇంత విస్తృతమైన పఠనానుభవంతో వేసిన గ్రంథం తెలుగులో నేను ఇదివరలో చూడలేదు.

గ్రంథకర్త నా శిష్యుడు. అందువల్ల వాత్సల్యం నా మాటను కొంత మెత్తబరచవచ్చుగాని నా నిర్ణయాన్ని మార్చదు. ఇతని పితామహుడు తోటలో చెట్టు నీడన పోతన భాగవతాన్ని రాగయుక్తంగా చదివి, ఊరివారికి అర్థం చెప్పిన పౌరాణికుడు. తండ్రి పల్లెటూరి పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు. పద్యనాటకాల సంభాషణలన్నీ ఆయనకు కంఠస్థం. ఇతడు ఆ ఉభయుల విద్యనూ వారసత్వంగా పొంది, దానికి తన కాలపు చదువును చేర్చుకున్నాడు. జీవితమంతా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల పాఠశాలలలో పిల్లలకు ఛందస్సు చెప్పి, సెలవులలో తాతలనాటి మామిడితోటను చూసుకున్నాడు. పూర్వం జమీందారీ సంస్థానంగా ప్రసిద్ధమై, పనసకొయ్యతో వీణలు చేసే శిల్పులకు నెలవై, 2022లో కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరిన ఆ నూజివీడు సీమను లోకం మామిడిపండ్ల ఊరుగానే ఎరుగును. అది పాఠకుల సీమ కూడ అని నిరూపించడం ఈ గ్రంథం చేసిన తొలి ఉపకారం.

ఆ నిరూపణ ఎంత సహజంగా జరిగిందో రెండవ ప్రకరణం చదివితే తెలుస్తుంది. పుష్య మాఘాలలో పూత నిలిచిన నాటినుంచి, రసాలు, బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి కోతకు వచ్చి లారీలకెక్కేదాకా తోటకు కావలి ఉండవలె. కోతలు ముమ్మరమయ్యే వేళకు బడులకు వేసవి సెలవులు వస్తాయి. కనుక కావలిపాకలో పగటివంతు ఇంటి పిల్లలదే. కోతిమూకనూ చిలకలనూ అదిలించే పనికి చెవులూ నోరూ చాలును. కన్నులు ఖాళీ. ఆ ఖాళీని నింపినవి పట్టణంలోని అద్దె పుస్తకాల కొట్లు. రోజుకు ఇంత అని అద్దె గనుక ఒక పుస్తకం సాయంత్రంలోగా నాలుగు పాకలు తిరిగేది. అందులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన అపరాధపరిశోధకుడు యుగంధర్ ఉండేవాడు, మధుబాబు సృష్టించిన గూఢచారి షాడో ఉండేవాడు, యద్దనపూడి సులోచనారాణి కథానాయకుడు కారు దిగేవాడు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలలో అట్టలూడినవి కొన్ని ఉండేవి. అదే పాకలో చూరుకింద తాతగారి భాగవతం ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. ఈ రెంటినీ ఒకే చాపమీద కూర్చుండి చదివిన బాలుడే నేడు ఈ విమర్శకుడైనాడు.

ఇక్కడ గ్రంథకర్త గ్రంథాలయోద్యమ చరిత్రను స్మరించడం ఔచిత్యవంతంగా ఉన్నది. 1914లో బెజవాడ వేదికగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్య గారి దీక్షను, 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకాలు పంపి రేవురేవునా పాఠకులను కూడగట్టిన పాతూరి నాగభూషణం గారి సేవను ఇతడు భక్తితో తలచుకున్నాడు. ఆ మహనీయుల ఉద్యమం అక్షరాన్ని ధర్మంగా పంచింది. అద్దె కొట్టు అక్షరాన్ని వ్యాపారంగా పంచింది. అయినా రెండవది మొదటిదానికి శత్రువు కాదనీ, పట్టణ గ్రంథాలయంలో సభ్యులైన ఎందరో యువకులు ముందు అద్దె కొట్టులో పఠనవ్యసనం తగిలించుకున్నవారేననీ తన సహాధ్యాయుల జీవితాలనుంచి చూపినాడు. ఆ పుటలలో ఆవేశం లేదు, నింద లేదు. సాక్ష్యం ఉన్నది.

గ్రంథానికి ప్రాణమని నేను భావించేది నేరకథల వంశవృక్షాన్ని నిర్ధారించిన ప్రకరణం. అపరాధకథ పాశ్చాత్యులు మనకు అరువిచ్చిన వస్తువన్న వాడుక మాటను ఇతడు మృచ్ఛకటికంతో పరీక్షకు పెట్టినాడు. శూద్రకుని ఆ రూపకంలో తృతీయాంకాన శర్విలకుడు గోడకు కన్నం వేయబోతూ కొలతదారం మరచివచ్చిన సంగతి గ్రహించి, యజ్ఞోపవీతంతో కొలిచి, లోపల దీపాన్ని పురుగును వదలి ఆర్పిస్తాడు. నవమాంకం ఆద్యంతం న్యాయస్థానం. వసంతసేనను చంపినాననుకున్న శకారుడే ఫిర్యాది, నిరపరాధి చారుదత్తుడు ముద్దాయి. చెట్టు మీదపడి చచ్చిన మరొక స్త్రీ శవాన్ని వీరకుడు ఉద్యానంలో చూసి వచ్చి చెప్పడం, విదూషకుని చంకనుంచి ఆమె నగలు సభలో జారిపడడం, ఇవన్నీ నిజాలే అయి ఉండి అబద్ధాన్ని రుజువు చేస్తాయి. చూపిన ప్రతి వస్తువూ సత్యం, తేలిన తీర్పు అసత్యం అనే ఈ నిర్మాణానికి మించినదానిని ఏ దేశపు అపరాధకథకుడూ కోరుకోడు. దండి దశకుమారచరితంలోని అపహారవర్మ చంపానగరంలో లుబ్ధుల ఇండ్లకు కన్నాలు వేయడానికి పోయేటప్పుడు వెంట తీసుకుపోయిన కొలతదారం, తాడు, తుమ్మెదల భరిణె మొదలైన పరికరాల పట్టికను శర్విలకుని విద్యతో సరిపోల్చి, చౌర్యాన్ని ఒక శాస్త్రంగా వర్ణించే సంప్రదాయం మన సాహిత్యానికి ఎంత ప్రాచీనమో చూపిన తీరు విద్యార్థులకు పాఠ్యభాగం కాదగినది.

పింగళి సూరన విషయంలో ఇతని సూక్ష్మదృష్టి మరింత ప్రశస్తం. కళాపూర్ణోదయంలో వింతలు ముందు జరుగుతాయి, కారణాలు చాల ఆశ్వాసాల తరువాత గాని తెలియవు. ఇద్దరు రంభలు ఎదురుపడతారు, మణికంధరుడు నలకూబరుని రూపంలో తిరుగుతాడు. పాఠకుడు తాను చూసినదానిని తానే నమ్మలేని స్థితికి వస్తాడు. చివరకు బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథగా అన్ని ముడులూ విడిపోతాయి. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారంలో సూరన కథాకల్పనాశక్తిని పరామర్శించి ఆధునిక విమర్శకు మార్గం వేసినారు. మన గ్రంథకర్త ఆ మార్గాననే నడిచి, సూరన ఏ సంగతిని ఏ ఆశ్వాసంలో దాచి ఎక్కడ వెలికితీసినాడో ఒక పరిశోధకుడు ఆధారాలు పేర్చినట్లు పేర్చి చూపినాడు. ఈ విద్య తనకు యుగంధర్ నేర్పినాడని నిస్సంకోచంగా రాసుకున్నాడు. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు ఆలోచించినాను. ప్రబంధాన్ని ప్రేమించడానికి గురువుగా మేము చెప్పిన పాఠం ఒక్కటే చాలలేదు, ఆ కావలిపాకలోని నలిగిన నవలకు కూడ అందులో వాటా ఉన్నది.

ఆధునికుల వద్దకు వచ్చేటప్పటికి వంశవృక్షం మరింత విచిత్రంగా కొమ్మలు వేస్తుంది. శ్రీశ్రీ మహాప్రస్థానానికి యోగ్యతాపత్రం రాసిన చలం పుట్టుకచేత కొమ్మూరివాడు, దత్తతచేత గుడిపాటివాడు. యుగంధర్‌నూ, అతని సహాయకుడు రాజునూ, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావునూ తెలుగువారి ఇండ్లలో బంధువులను చేసిన కొమ్మూరి సాంబశివరావు ఆ వంశంవాడే. ఇక ఆరుద్ర సంగతి చెప్పనవసరమే లేదు. త్వమేవాహం రచించిన కవి, కూనలమ్మ పదాలు పలికిన చతురుడు, సమగ్ర ఆంధ్ర సాహిత్యమనే మహాచరిత్రను ఏకాకిగా నిర్మించిన శ్రామికుడు, పలకల వెండిగ్లాసు వంటి అపరాధపరిశోధన నవలలు కూడ రాసినాడు. సాహిత్యచరిత్రలో ఒక కవి కాలనిర్ణయానికి శాసనాన్నీ, అవతారికనూ, లోకవాడుకనూ కలిపి తూచే ఆరుద్ర పద్ధతికీ, పరిశోధకుని పాత్రను నడిపించిన ఆరుద్ర ఊహకూ గల చుట్టరికాన్ని గ్రంథకర్త నిరూపించిన పుటలు నాకు మిక్కిలి ప్రీతిని కలిగించినవి. చెళ్ళపిళ్ళవారు అవధానమూ, నాటకమూ, కథలు గాథలూ సమానమైన అధికారంతో నిర్వహించడం, వారి శిష్యుడు విశ్వనాథ రామాయణ కల్పవృక్షాన్ని పెంచుతూనే పురాణవైర గ్రంథమాల నవలలను వరుసగా వెలువరించడం కూడ ఈ సందర్భంలోనే ప్రస్తావితమైనవి. విశ్వనాథను గురించి మరికొంత రాసి ఉండవలసినది.

ఇన్ని ప్రక్రియలను ఒకేచోట కూర్చినప్పుడు విమర్శకునికి కొలమానం ఏదన్న ప్రశ్న తప్పదు. గ్రంథకర్త క్షేమేంద్రుని ఔచిత్యవిచారచర్చను ఆశ్రయించి, తన తోటనుంచి ఒక దృష్టాంతం తెచ్చినాడు: చిన్నరసాన్ని చాకుతో ముక్కలు కోసి పెట్టరు, బంగినపల్లిని పిసికి జుర్రుకోరు, గడ్డిలో మాగవేసిన రైతు దేని రుచిని దాని పద్ధతిలోనే చూస్తాడు. ఈ న్యాయాన్ని నేను అంగీకరిస్తాను, కాని ఒక మెట్టు దాకానే. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మ అన్నాడు. కవి చెప్పక విడిచినది సహృదయుని చిత్తంలో పూర్తి కావలె. అపరాధకథకుడూ కొంత చెప్పక విడుస్తాడు. అయితే అతడు దాచినది చివరి పుటలో బయటపడి తీరవలె, బయటపడిన తరువాత ఆ కథకు మనతో పని తీరిపోతుంది. భవభూతి శ్లోకంలోనో, జాషువ గబ్బిలంలోనో కవి దాచినది ఎన్నిమారులు చదివినా తరగదు. ఈ భేదాన్ని గ్రంథకర్త ఎరుగును, పదకొండవ ప్రకరణంలో చెప్పినాడు కూడ. ఐనను మొదటి ప్రకరణాలలో పాత ప్రేమవల్ల నేరనవలకు కొంత ఎక్కువ చనువిచ్చినాడని నా అభిప్రాయం. ఆంగ్లకథలను పేర్లు మార్చి తెలుగున దింపిన రచనలు ఆనాడు తక్కువ కాదు. వాటిని ఇతడు గుర్తించినాడుగాని, ఇంకొంచెం గట్టిగా విడదీసి ఉంటే స్వతంత్రంగా రాసినవారి గౌరవం మరింత స్పష్టమయ్యేది. పద్యనాటకానికి కేటాయించిన పుటలు మరీ స్వల్పం. తండ్రిగారి కంఠంలో అంత నాటకం విన్నవాడు దానిని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాయవలసి ఉన్నది. రాయగలడు కూడ.

ఇతని శ్రమను గురించి ఒక మాట చెప్పక ముగించలేను. ప్రాచీన కావ్యాలకు పరిష్కర్తలున్నారు, ముద్రణలున్నవి, గ్రంథాలయాలలో బీరువాలున్నవి. అద్దె కొట్ల నవలలకు ఆ భాగ్యం లేదు. చౌక కాగితంమీద అచ్చై, చేతులు మారి, అట్టలు పోయి, కొట్లు మూతపడిన నాడు తూకానికి పోయినవి. తాను బాల్యంలో చదివిన నవలల ప్రతులకోసం గ్రంథకర్త విజయవాడ పాత పుస్తకాల అంగళ్ళలోనూ, ఏలూరు, గుడివాడ, మైలవరం ఇండ్లలోనూ వెదకి, దొరికినదాని ముద్రణ వివరాలన్నీ రాసుకొని, దొరకనిదాని కథను చదివినవారి నోట విని, విన్నదానిని విన్నదిగానే పేర్కొన్నాడు. చూసినదానికీ విన్నదానికీ మధ్య గీత చెరిపివేయని ఈ నిజాయితీ తాళపత్రప్రతుల పరిష్కర్తలకు ఉండవలసిన గుణం. దానిని ఎవరూ లెక్కచేయని పుస్తకాల విషయంలో పాటించినందుకు ఇతనిని మనసారా అభినందిస్తున్నాను.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈ గ్రంథాన్ని మొదటినుంచి వరుసగా చదవండి. కేతనను దాటవేసి కొమ్మూరి వద్దకు పోవద్దు, కొమ్మూరిని దాటవేసి జాషువ వద్దకూ పోవద్దు. చదివిన తరువాత మీ ఇంటి అటకమీద పాత అపరాధపరిశోధన నవలలు, అట్టలు లేనివైనా సరే, ఉన్నవేమో చూడండి. ఉంటే వాటిని కాగితాల వర్తకునికి ఇవ్వక, మీ ఊరి శాఖా గ్రంథాలయానికి అప్పగించి, లోపలి పుటలో రచయిత పేరూ, ముద్రించిన సంవత్సరమూ తెలిసినంతవరకు రాసి ఇవ్వండి.